యంత్రజలము - సున్నపు పెచ్చు



మా యింట నీళ్ళు కాచుకొను రాగి గుండిగ యొకటి కలదు. అది మా తల్లిగారి కాపురము నాటిది. చింతపండుతో తోమినచో వెలుపల బంగారమువలె మెరయును. లోపల చేయి పెట్టి తడవి చూచినచో అడుగున వ్రేలి మందమున తెల్లని రాయి పేరుకొని యుండెడిది. ఏడాది కొకసారి ఆ గుండిగను బోర్లించి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టి, ఆ రాతి పెచ్చులు రాల్చుట నా చిన్ననాటి పనులలో నొకటి. అవి కోడిగ్రుడ్డు పెంకులవలె పెళపెళ విరిగెడివి. ఇవి యెక్కడివని యడిగితే, మా తల్లి "బాయినీళ్ళలోనివేరా" అనెడిది. తేటగా కనబడు నీళ్ళలో రాయి యెట్లుండునో నాకు చాలకాలము బోధపడలేదు.

నేటి ప్రసంగము ఆ పెచ్చును గూర్చియే. గుండిగలోని పెచ్చుకొరకు ఇంత ప్రసంగ మేల యని మీరనవచ్చును. గుండిగలో నున్నంతకాలము అది ఇల్లాలికి విసుగు మాత్రమే. రామగుండమువంటి చోట వేలకొలది గొట్టములలో పేరుకొన్నచో మాత్రము, దానివలన బొగ్గు వ్యయమగును. గోదావరి నీరు వ్యయమగును. దానిని పేరుకొననీయకుండ కలుపు మందులు ఆ నీటితోపాటు ఎక్కడికో పోవలసి వచ్చును. ఆ యెక్కడికో అనునది మన వాగో, మన చెరువో కావచ్చును. పెద్ద కర్మాగారము క్రొత్తగా పెట్టునపుడును, పెంచునపుడును ప్రజల యభిప్రాయము సేకరించు సభ జరుపవలెనని 2006 నాటి కేంద్రప్రభుత్వపు ప్రకటనలో నున్నది. ఆ సభలలో ముందువరుసను కూర్చుండువారు మీవంటి పెద్దలే. అచ్చట "మేము పర్యావరణమునకు హితమైన రసాయనములనే వాడుదుము" అను వాక్యము తప్పక వినబడును. అర్థము తెలిసికొని తల యూపుట మేలు గదా యని నా తలంపు.

నేను వ్యాకరణమును, కావ్యములను చదివి బడిలో చెప్పినవాడనే గాని రసాయనశాస్త్రము చదివినవాడను కాను. నా శిష్యుడొకడు ఒక కర్మాగారమున నీటిని శుద్ధిచేయు శాఖలో కెమిస్టుగా నున్నాడు. పండుగలకు ఊరికి వచ్చినపుడెల్ల మా యరుగుమీద కూర్చుండి నాకు ఈ సంగతులు విడమరచి చెప్పెడివాడు. నేను వానికి సంధులు చెప్పితిని. వాడు నాకు అణువుల బంధములు చెప్పెను. గురుదక్షిణ తీరినట్లే.

నీటిలో రాయి యున్నదన్న మాట నిజమే. వానచినుకు పడునపుడు అందేమియు నుండదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెము తనలో కలుపుకొనును. నేలలో దిగునపుడు చెట్ల వేళ్ళయొద్ద ఆ వాయువే మరింత దొరకును. అట్లు కొలదిగా పులిసిన నీరు సున్నపురాతిమీదుగా పోవునపుడు ఆ రాతిని కొంచెముకొంచెముగా కరగించుకొని తీసికొనిపోవును. మన ప్రాంతమున సున్నపురాతికి కొదువ లేదు; 1958లో మంచిర్యాలయందును, 1969లో బసంతనగరమందును సిమెంటు కర్మాగారములు వెలసినది అది చేరువ నుండుటచేతనే గదా. ఇట్టి నీటినే శాస్త్రజ్ఞులు కఠినజలమందురు. మన ఆడువారు "పప్పు ఉడకని నీళ్ళు" అని యెన్నడో పేరు పెట్టిరి. సబ్బు నురుగు రాకపోవుటయు దాని గురుతే.

ఆ రాయి నీటిలో నిలిచి యుండుట తోడుగా నున్న వాయువు బలముచేతనే. నీరు కాగగానే వాయువు ఎగిరిపోవును. తోడు పోయిన రాయి నిలువలేక కూలబడును. ఎక్కడ వేడి యెక్కువయో అక్కడనే, అనగా గుండిగ యడుగుననే, గట్టిగా పట్టుకొనును. జిప్సమను మరియొక సున్నపు లవణము కూడ నుండును. చక్కెర వేడినీటిలో ఎక్కువగా కరగునని మనమెరుగుదుము గదా. ఈ జిప్సము నీరు బాగుగా కాగినకొలది తక్కువగా కరగును. కాబట్టి వేడి గొట్టము కనబడిన చోటనెల్ల అదియు పొరగా పేరుకొనును. ఈ రెంటికిని తోడు ఇసుకలోని సిలికా చేరినచో ఆ పొర సుత్తికి కూడ లొంగదు.

ఇక రామగుండమునకు పోదము. 1978 నవంబరు 14వ తేదీన నాటి ప్రధానమంత్రి మొరార్జీ దేశాయిగారు శంకుస్థాపన చేసిన ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రము 1983లో మొదటి యంత్రమును నడిపినది. 2004 నాటికి 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు యంత్రములతో 2600 మెగావాట్లదైనది. నదికి ఆవలి యొడ్డున, పాత ఆదిలాబాదు జిల్లా జైపూరు దగ్గర, సింగరేణివారి 1200 మెగావాట్ల కేంద్రము కలదు. దానిని 2016 ఆగస్టు 7న జాతి కంకితము చేసిరి. రామగుండములోని పాత ఎరువుల కర్మాగారము 1999లో మూతబడగా, దాని స్థానమున క్రొత్తది 2021లో యూరియా ఉత్పత్తి ప్రారంభించినది. ఇన్ని యంత్రములు ఒక్క నదికి ఇరుప్రక్కల కూర్చుండినవి. వీనికన్నిటికి నీరే ప్రాణము.

చాలమంది విద్యుత్కేంద్రమున నీరనగా ఆవిరి చేయు నీరే యనుకొందురు. నేనును అట్లే తలచితిని. బాయిలరులోనికి పోవు నీరు చాల తక్కువ. దానిలోని లవణముల నన్నిటిని ముందే తీసివేసి, వాననీటికంటె స్వచ్ఛముగా చేసి, అదే నీటిని మరల మరల వాడుకొందురు. అచ్చట పెచ్చు కట్టనిచ్చినచో గొట్టము కాలి పగులును గాన, ఆ పొరపాటు జరుగనీయరు. ఎక్కువ నీరు కావలసినది ఆవిరిని తిరిగి చల్లార్చుటకు. టర్బైను త్రిప్పి వచ్చిన ఆవిరి కండెన్సరను పెద్ద పేటికలో సన్నని గొట్టములను తాకి నీరగును. ఆ గొట్టములలోపల చల్లని నీరు ప్రవహించుచుండవలెను. అది వేడెక్కి వెలుపలికి వచ్చి, మనము రైలులోనుండి చూచు ఆ నడుము సన్నని మహాగోపురములలో జల్లుగా రాలి, గాలికి చల్లారి, మరల కండెన్సరులోనికి పోవును. గోపురముపైన తెల్లగా లేచునది పొగ కాదు, ఆవిరియైపోవుచున్న గోదావరి.

ఆ తిరుగుడులోనే పెచ్చుకు మూలమున్నది. ఎగిరిపోవునది శుద్ధజలము; లవణము లెగురవు. చెరకురసము కాగి కాగి పాకమైనట్లు, ఆ నీరు తిరిగినకొలది చిక్కనగుచుండును. వచ్చిన నీటిలో లీటరుకు 150 మిల్లీగ్రాముల సున్నపు లవణమున్నదనుకొనుడు. రెండింతలు చిక్కబడినచో 300, ఐదింతలైనచో 750. సున్నపు పొరలో ఉక్కులో పోవునంత వేడిలో సుమారు ఇరువదవ వంతే పోగలదు. కండెన్సరు గొట్టములో కాగితమంత పొర పేరుకొన్నను ఆవిరి సరిగా చల్లారదు. అదే విద్యుత్తుకు ఎక్కువ బొగ్గు తగులబెట్టవలసి వచ్చును.

దీనికి అతి సులభమైన యుపాయము చిక్కని నీటిని పారబోసి, క్రొత్త నీటిని తెచ్చుకొనుట. పారబోతకు బ్లోడౌనని పేరు. ఇచ్చట ఒక లెక్క చెప్పవలెను. పెద్దలు ఓపికతో వినవలెను. గంటకు నూరు బిందెల నీరు ఆవిరియై పోవుచున్నదనుకొందము. నీటిని రెండింతలే చిక్కబడనిచ్చినచో, మరి నూరు బిందెలు పారబోయవలెను. కావున నదినుండి 200 బిందెలు తేవలెను. మూడింతలదాక ఓర్చుకొన్నచో పారబోత 50, తెచ్చునది 150. ఐదింతలదాక ఓర్చుకొన్నచో పారబోత 25, తెచ్చునది 125. చిక్కదనము నెంత ఓర్చుకొన్న నదికి అంత మేలు. ఓర్చుకొనుటకు మాత్రము పెచ్చు కట్టనీయని మందు కావలెను. కాబట్టి ఈ మందులనెల్ల విషములని త్రోసివేయువారితో నేనేకీభవింపను. మంచి మందు నదిని కాపాడును.

2015 డిసెంబరు 7న కేంద్ర పర్యావరణ శాఖవారు చేసిన నియమము ప్రకారము, గోపురములు గల పాత బొగ్గు విద్యుత్కేంద్రములు ఒక యూనిటు విద్యుత్తుకు 3.5 లీటర్ల నీటికంటె ఎక్కువ వాడరాదు. ఆ లెక్కన 2600 మెగావాట్ల కేంద్రము పూర్తిశక్తితో నడిచిన గంటకు 91 లక్షల లీటర్లు. 2017 జనవరి 1 తరువాత పెట్టినవానికి ఇంకను తక్కువ నీటి పరిమితి యున్నది. అవి వాడిన నీటిని వెలుపలికి విడువనే కూడదు. వినుటకు బాగున్నది. అయినను నీరు వెలుపలికి పోకున్నను, నీటిలో కలిపినది మాయము కాదు గదా. కొన్నిచోట్ల ఈ చిక్కని నీటినే బొగ్గు బూడిదలో కలిపి బూడిద చెరువునకు పంపుదురు. కొన్నిచోట్ల మరగించి ఉప్పుముద్ద చేయుదురు. ఏ దారిన పోయినను మందు ఎక్కడనో ఒకచోట తేలవలసినదే.

ఇక మందుల కథ. పూర్వము వాడినవానిలో ఆశ్చర్యకరమైనది సున్నమే. నీటిలోని సున్నమును తీయుటకు సున్నపుతేట కలుపుదురు! వాయువు తోడుగా నిలిచిన రాతికి, ఆ సున్నము వాయువును లాగుకొని తోడు లేకుండ చేయును. రెండు సున్నములును కలిసి అడుగున బడును. ముల్లును ముల్లుతో తీసినట్లన్నమాట. స్కాట్లాండు దేశీయుడైన థామస్ క్లార్కు 1841లో ఈ పద్ధతికి హక్కు పొందెను. ఇప్పటికిని ఇది మంచి పద్ధతియే. కాని గుట్టలుగా తెల్లని బురద మిగులును. ఆమ్లము చుక్కలుగా విడిచి రాతిని కరగియుండునట్లు చేయుట మరియొకటి. కొంచెము ఎక్కువైనచో గొట్టమునే తినివేయును.

ఆవిరియంత్రముల తొలినాళ్ళలో బాయిలరులలో బంగాళదుంపలు, గంజి, చెట్ల బెరడు కషాయము వేసెడివారట. శిష్యుడీ మాట చెప్పినపుడు నేను నవ్వితిని. వాడు నవ్వలేదు. "తంగేడు చెక్కతో లందలో తోలు ఊరవేయుదురు గద సారూ, ఆ వగరే ఇక్కడ కూడ పనిచేస్తది" అనెను. తంగేడు చెక్కలో, తుమ్మచెక్కలో, కరక్కాయలో ఉండు వగరునకు టానినని పేరు. అది సున్నపు కణములను గట్టి పెచ్చుగా కూడనీయక మెత్తని బురదగా ఉంచును. పనివారు చూచి నేర్చిన విద్య యది; ఏల పనిచేయునో తరువాతివారు కనుగొనిరి.

అసలు మలుపు 1930ల దశకములో వచ్చినది. కొన్ని ఫాస్ఫేటులను లీటరు నీటికి కొలది మిల్లీగ్రాములు మాత్రమే కలిపినను, వందల మిల్లీగ్రాముల సున్నము పెచ్చు కట్టక ఆగునని తేలినది. నాకిది అసంభవముగా తోచెను. ఇంత చిన్నది అంత పెద్దదానిని ఎట్లు పట్టుకొనును? అప్పుడు మా యింటిలోనే సమాధానము దొరకినది. చక్కెరపాకము పట్టునపుడు మా యింటివారు రెండు చుక్కల నిమ్మరసము వేయుదురు. వేయకున్న పాకము చల్లారి పలుకులు కట్టును, వేసినచో కట్టదు. నిమ్మపులుపు చక్కెరలో కొంత భాగమును వేరు చక్కెరలుగా మార్చును. ఆ వేరు చక్కెరలు పలుకునకు అడ్డుపడును. పలుకనునది గోడవంటిది. ఇటుకపై ఇటుక వరుసగా పేర్చిన గాని లేవదు. పేర్చుచున్న చోట నడుమ వంకరరాయి యొకటి చొప్పించినచో పై వరుస కూర్చుండదు. పెచ్చు నాపు మందును అట్లే. సున్నమునంతటిని పట్టుకొనదు, గోడ లేవబోవు మూలలను మాత్రము ఆక్రమించి కూర్చుండును. ఇటుకలు నీటిలో తేలుచు బ్లోడౌనుతో వెలుపలికి పోవును. అందుచేతనే కొంచెము చాలును.

కొంచెమే గదా యని సంతోషించుటకు ముందు, అది ఏమి కొంచెమో చూడవలెను. ఫాస్ఫేటులో భాస్వరమున్నది; అది పైరునకు బలమైనట్లే నాచునకును, గుర్రపుడెక్కకును బలము. భాస్వరము చేరిన చెరువు పచ్చబడును. నాచు చచ్చి కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువును త్రాగివేయును. తెల్లవారుసరికి చేపలు తేలును. చేపలు పెంచుకొను ముదిరాజుల సంఘములవారిని అడుగుడు, చెప్పుదురు. న్యాయము చెప్పవలెనన్న, మన చెరువులలోని భాస్వరములో పెద్దపాలు మన పొలముల డి.ఎ.పి.నుండియు, ఊరి మురుగునుండియు వచ్చినదే. నేరమంతయు కర్మాగారముపై మోపి మనము చేతులు కడుగుకొనరాదు.

ఫాస్ఫేటుల కంటె ఘోరమైనది క్రోమేటు. అది పెచ్చును కాదు, తుప్పును ఆపుటకు అదే గోపురజలమున కలిపెడివారు. తుప్పునకు అంత చక్కని మందు లేదనియు ననెడివారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున హింక్లీయను చిన్న గ్రామము కలదు. దాని ప్రక్క వాయువును గొట్టములలో నెట్టు కేంద్రమువారు 1952 నుండి 1966 వరకు క్రోమేటు గల గోపురజలమును, అడుగున పూత లేని గుంటలలోనికి వదలిరి. అది నేలలోనికి దిగి గ్రామస్థుల బావులలోనికి చేరెను. సంగతి బయటపడి వ్యాజ్యము సాగి, 1996లో 33 కోట్ల 30 లక్షల డాలర్ల పరిహారముతో రాజీ కుదిరెను. అమెరికాలో భవనములను చల్లబరచు గోపురములలో 1990లోను, కర్మాగారముల గోపురములలో 1994లోను అట్టి క్రోమేటును నిషేధించిరి. హింక్లీ గ్రామస్థులు ఆ నీటిని త్రాగుచున్నన్నాళ్ళు అది తేటగానే యుండినదని మరువరాదు.

క్రోమేటు పోయినది. ఫాస్ఫేటుల స్థానమున ఫాస్ఫోనేటులు వచ్చినవి. వీనిలోను భాస్వరమున్నది గాని చాల తక్కువ మోతాదు చాలును, వేడికి తట్టుకొనును. వీనితోపాటు ఆక్రిలికు ఆమ్లముతో చేసిన పొడుగు గొలుసుల పాలిమరులు వచ్చినవి. వీనిలో భాస్వరమే లేదు. ఈ రెంటివలన తక్షణము చేపలు చావవు. పని చక్కగా చేయును. లోపమెక్కడనన్న, వీనిని తిని అరిగించుకొనగల సూక్ష్మజీవులు నేలలోను, నీటిలోను బహు తక్కువ. అవి విఱుగవు. బురదను అంటుకొని ఏండ్లకేండ్లు నిలుచును. విషము కాకపోవుట వేరు, నశించుట వేరు. పర్యావరణహితమను మాటకు ఈ రెండర్థములును కావలెను. ఒక యర్థము చూపి రెండవదానిని దాచుట తఱచుగా జరుగుచున్నది.

రెండవ యర్థమును నెరవేర్చుటకే క్రొత్త మందులు పుట్టినవి. వానిలో ప్రసిద్ధమైనది పాలియాస్పార్టేటు. ఆస్పార్టికు ఆమ్లము మనకు క్రొత్తది కాదు; పప్పుదినుసుల మాంసకృత్తులలో నుండునదే. దానిని పొడిగా వేడిచేసినచో నీరు వదలి గొలుసుగా అల్లుకొనును. పిమ్మట క్షారముతో కరగించిన మందు సిద్ధమగును. పెద్దగా విషపదార్థములు వాడకుండ, వ్యర్థము మిగులకుండ దీనిని చేయు మార్గము కనుగొన్నందులకు డోన్లారను చిన్న సంస్థకు 1996లో అమెరికా దేశపు హరిత రసాయన పురస్కారము లభించినది. సూక్ష్మజీవులకిది పప్పన్నమువంటిది, తిని అరిగించుకొనును. చికరీ దుంపలోని ఇన్యులినను పిండిపదార్థమును కొంచెము మార్చి చేసిన మందు మరియొకటి. మన కాఫీలో కలుపు చికరీయే అది. టానినులపై కూడ మరల పరిశోధనలు సాగుచున్నవి.

ఇంత మంచివి దొరకినపుడు అందరు ఏల వాడరని నేను శిష్యునడిగితిని. వాడు చెప్పిన సమాధానములో ఈ విషయమునకంతకు మర్మమున్నది. సూక్ష్మజీవులకు అన్నమైనది గోపురములోను అన్నమే. వెచ్చని నీరు, గాలి, వెలుతురు, పైపెచ్చు భోజనము. ఇక పాచి పెరుగకుండునా? పాచిని చంపుటకు క్లోరిను వేయుదురు. ఆ క్లోరిను మందునే విఱిచివేయును. మందు మరల ఎక్కువగా వేయవలెను, వెలయు హెచ్చు. ఫాస్ఫోనేటులు ఇంత పేచీ పెట్టవు. కాబట్టి నిలువవలసిన చోట నిలిచి, పోయిన పిదప నశించు మందు కావలెను. గోపురములో దినములకొలది చెడిపోరాదు; వాగులో చేరినపిమ్మట వారములలో చెడిపోవలెను. ఈ రెంటిని కలుపుట కష్టము. అందుకే కొందరు కొంత పాలియాస్పార్టేటు, కొంత ఫాస్ఫోనేటు కలిపి, మొత్తము డ్రమ్ముపై ఆకు బొమ్మ వేసి అమ్ముదురు.

మన మాటలోను ఒక ఉచ్చు కలదు. చెట్టునుండి వచ్చినది గాన మంచిదని మనవారి నమ్మకము. తంగేడు కషాయము వాగులోనికి ఎక్కువగా వదలినచో నీరు నల్లబడి, అది కుళ్ళునపుడు ప్రాణవాయువు హరించి చేపలు చచ్చును. లంద ప్రక్కన నీటికుంటను చూచినవారికి నేను చెప్పనక్కరలేదు. పుట్టుక గాదు, మోతాదును, గతియును చూడవలెను.

చిల్లగింజ సంగతి మీకు తెలియును. బురదనీటి కుండలో లోపలివైపున అరగదీసినచో బురద అడుగున దిగి నీరు తేటయగును. అది కంటికి కనబడు మంటినే దింపును గాని, కరగియున్న సున్నమును తీయలేదు. కావున పెచ్చునకది మందు కాదు. అయినను దానిని తలచుటకు వేరు కారణమున్నది. చిల్లగింజ నీటిని తేర్చునదే యైనను, దాని పేరు పలికినంత మాత్రమున నీరు తేరదని మనుధర్మశాస్త్రమున నొక మాట కలదు. అది సన్న్యాసులను గూర్చి, వేషము చాలదను సందర్భమున చెప్పినది. బడిలో నేను దానిని ఎన్ని తరగతులకో చెప్పితిని. డ్రమ్ముమీది ఆకు బొమ్మను చూచినపుడు నాకు మరల స్మృతికి వచ్చినది.

పేరు కాక ఏమి చూడవలెనని మీరడుగుదురు. దీనికి లోకమంతట ఒప్పుకొన్న పరీక్షయొకటి యున్నది. మందును సూక్ష్మజీవులున్న నీటిలో వేసి 28 దినములుంచుదురు. ఆ గడువులో, అదియు పని మొదలైన పది దినములలోపల, నూటికి 60 వంతులు విఱిగి వాయువైపోయినచో సులభముగా నశించునదని అందురు. అమ్మబడు ప్రతి పారిశ్రామిక రసాయనమునకును భద్రతా వివరపత్రమొకటి యుండును. అది 16 భాగములది. పండ్రెండవ భాగము పర్యావరణమును గూర్చినది. నీటిజీవులకు ఎంత మోతాదు హాని, పదార్థము ఎంతకాలము నిలుచును, ఎంతవరకు నశించును అను సంగతు లందుండవలెను. ఎనిమిదవ తరగతి చదివిన మనుమడు కూడ దానిని చదివి మీకు చెప్పగలడు. సభలో "మీ మందు మంచిదా?" అని అడిగినచో "మంచిదే" అందురు. "దాని పండ్రెండవ భాగము చూపుడు, లీటరునకెన్ని మిల్లీగ్రాములు వేయుదురు, నీటిని ఎన్నింతలు చిక్కబరతురు, పారబోత ఎక్కడికి పోవును?" అని అడిగినచో అంకెలు చెప్పవలసి వచ్చును. అంకె చెప్పినవాడు దానికి కట్టుబడవలెను. సభలో చెప్పనిచో, ప్రభుత్వ కార్యాలయమందున్న కాగితములను 2005 నాటి సమాచార హక్కు చట్టముచే కోరవచ్చును. 30 దినములలో బదులీయవలెను.

రెండేండ్ల క్రిందట మా చుట్టుప్రక్కల నొక కర్మాగారమును గూర్చి అట్టి సభ జరిగినది. దాని పేరు చెప్పను. దాని పారబోత మా చెరువునకు వచ్చు వాగులో కలియునని ఊరివారికి అనుమానము. నేను లేచి పై ప్రశ్నలను అడిగితిని. వేదికపై నున్న యువకుడు మర్యాదస్థుడే. డ్రమ్ము బొమ్మ గల కాగితమును చూపి, "పంతులుగారూ, ఇది హరిత రసాయనమండీ" అనెను. నేను చిల్లగింజ మాట చెప్పితిని. సభలో నవ్వులు లేచినవి, అతడును నవ్వెను. పత్రము పంపెదనని వ్రాసికొనెను. నేను నమ్మలేదు గాని, అతడు మాట నిలుపుకొనెను. మూడు వారములకు టపాలో వచ్చినది.

మా యరుగుమీద సర్పంచి, చేపల సంఘపు పెద్ద, మరి నలుగురైదుగురు కూర్చుండగా నా మనుమరాలు దానిని చదివి అర్థము చెప్పెను. మోతాదు వ్రాసియున్నది. నీటిని ఐదింతలు చిక్కబరతుమని యున్నది, అది మెచ్చదగినది. చేపలకు హాని కలిగించు మోతాదు ఇంతయని యున్నది. వారు వాడునది దానికి చాల లోబడియే యున్నది. అందరికి ఊరట కలిగెను. పిమ్మట ఆ పిల్ల పండ్రెండవ భాగమున నశించుటను గూర్చిన పంక్తిని చదివెను. అందు "సమాచారము లభ్యము కాదు" అని మాత్రము వ్రాసియున్నది.

చేపల సంఘపు పెద్ద కొంతసేపు మాటలాడలేదు. పిదప "అంటే, పోతదో పోదో వాళ్ళకే తెల్వదన్నమాట" అనెను. ఆ సాయంకాలమే 28 దినముల పరీక్షాఫలితము కోరుచు మరియొక ఉత్తరము వ్రాసి, పదునొకండుగురము చేవ్రాళ్ళు చేసితిమి. దానికి బదులు ఇంకను రాలేదు.